బకెట్టు బోర్లించి చూపాలి

పాతబస్తీకి వెళ్లొచ్చానని తెలిసి భీమవరంలో నన్ను అడిగినవాళ్లంతా రెండే ప్రశ్నలు వేశారు. బిర్యానీ తిన్నావా, ముత్యాలు తెచ్చావా అని. బిర్యానీ తిన్నాను, ముత్యాలు తేలేదు. అక్కడున్న ఆరు రోజుల్లో నేను ఎక్కువసేపు చూసినవి ఒక మురుగు నాలా, ఒక ఫ్యాక్టరీ గేటు మీద ఎర్రగా వెలిగే అంకె. సెలవు పెట్టుకుని మురుగు చూడ్డానికి వెళ్లిన మగాణ్ణి ఈ జిల్లాలో నిన్నొక్కణ్ణే చూశానని మా ఆవిడ అంటుంది. అందుకే ఇది రాస్తున్నాను, వెళ్లనివాళ్ల కోసమూ, మా ఆవిడ కోసమూ.

నేను రొయ్యల చెరువుల్లో నీళ్లు పరీక్షించే మనిషిని. ఊళ్లోని రేడియో మెకానిక్కుతో కలిసి ఒక డబ్బా తయారు చేసుకున్నాను. డబ్బాకో తీగ, తీగ చివర గాజు మొన. మొన నీళ్లలో ఉంటే చాలు, ఐదు నిమిషాలకోసారి నీళ్ల పీహెచ్ ఎంతో నా ఫోనుకు వచ్చేస్తుంది. పీహెచ్ అంటే మా రైతులందరికీ తెలుసు. మంచినీళ్లకు ఏడు దగ్గర ఉంటుంది, నీళ్లు పులిస్తే తగ్గుతుంది, సున్నపు గుణం ఎక్కితే పెరుగుతుంది.

పోయిన ఎండాకాలం గేదెలు కొనడానికి హైదరాబాదు నుంచి యాదగిరి అనే పాల వ్యాపారి మా వైపు వచ్చాడు. చెరువు గట్టు మీద డబ్బా చూసి, "అన్నా, గిది నాలాల ఏస్తే గూడ జెప్తదా?" అని అడిగాడు. చెబుతుందన్నాను. ఈమధ్య ఫోను చేసి, "నీ డబ్బా పట్టుకొని రా అన్నా, మా కొట్టాలు పోయేటట్టున్నయ్" అన్నాడు. ఆ గొంతు విన్నాక మరో ప్రశ్న వేయకుండా టికెట్టు తీసుకున్నాను.

మలక్‌పేట మీదుగా

కాచిగూడలో దిగి ఆటో అడిగితే రెండు వందల యాభై అన్నాడు. యాదగిరికి ఫోను చేసి ఆటో అతని చేతికిచ్చాను. ఇద్దరూ ఉర్దూలో ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. ఫోను తిరిగి నా చేతికొచ్చేసరికి బేరం నూట యాభైకి దిగింది. మా దగ్గర ఆటో దూరాన్ని బట్టి పోతుంది, అక్కడ మాటను బట్టి.

మలక్‌పేటలో పందేల గుర్రాన్ని ఒక మనిషి రోడ్డు పక్కన నడిపించుకుపోతున్నాడు. స్కూటర్లన్నీ దానికి దారిచ్చాయి. నా ఆటోకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అంతకుముందు మూసీ వంతెన దాటేటప్పుడు ముక్కు మూసుకున్నాను. ఆటో అతను అద్దంలో చూసి, "రెండు రోజులైతే అలవాటైతది సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అలవాటు కావడానికి కాదు నేను వచ్చిందని చెప్పాలనుకుని, చిల్లర కోసం మళ్లీ ఇతనితోనే పని కదా అని ఊరుకున్నాను.

ముందర పిండిన పాలు

యాదగిరి కొట్టం, అంటే గేదెల పాక, పాతబస్తీ దక్షిణపు అంచున, నాలాను ఆనుకుని ఉంది. పక్కపక్కనే మూడు కుటుంబాల కొట్టాలు. నేను చేరేసరికి మధ్యాహ్నం మూడు, పాలు పిండే వేళ. క్యాన్లు పట్టుకుని పదిమంది నిలబడి ఉన్నారు. బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ ముందుంది. యాదగిరి ఖాళీ బకెట్టు తెచ్చి ఆమె కళ్లముందు బోర్లించాడు. అడుగున రెండుసార్లు తట్టి, తిప్పి లోపల చూపించి, అప్పుడు గేదె పక్కన కూర్చున్నాడు. లీటరు వంద రూపాయలు. ప్యాకెట్టు పాలు అంతకన్నా చవకే, అయినా వీళ్లు వచ్చి నిలబడతారు.

మా వైపు పాలకేంద్రంలో వెన్న శాతం మిషనే చెబుతుంది, మనిషి ముఖం ఎవరూ చూడరు. ఆమె మిమ్మల్ని అనుమానిస్తుందా అని యాదగిరి తల్లి మల్లమ్మను అడిగాను. డెబ్బై ఏళ్ల మనిషి, గడ్డిమోపు ఇంకా తనే మోస్తుంది.

"అనుమానం ఎందుకుంటది బిడ్డా, ముప్పయ్యేండ్ల సంది గామె మా దగ్గర్నే కొంటది. అడగకముందే సూపియ్యాలె. అడిగినంక సూపిస్తే అది లొల్లి అయితది."

ఆ రోజు కొత్తగా ఈనిన గేదె జున్ను పెట్టారు. మేం బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికిస్తాం. వాళ్లూ అంతే, కాకపోతే మిరియాల చెయ్యి కాస్త పెద్దది. తిన్నాక మల్లమ్మ క్యాలెండరు వెనక నుంచి ఒక కాగితం తీసి నా ఒళ్లో పెట్టింది. కొట్టాల వల్ల నాలా చెడిపోతోంది, ఖాళీ చేయండి, చెప్పుకునేది ఏమన్నా ఉంటే సోమవారం కాలుష్యం చూసే ఆఫీసుకు రండి అని అందులో ఉంది. ఫిర్యాదు చేసింది నాలా అవతలి ఒడ్డున ఉన్న మందుల కంపెనీ. పేరు రాయను. వాళ్ల గోడ మీద పచ్చటి చెట్టు బొమ్మ, కింద 'ప్రకృతే మా ప్రాణం' అని రాసి ఉంటుంది.

"మా తాత కాలం సంది గీడనే ఉన్నం" అన్నాడు యాదగిరి. "ఆళ్లు వచ్చి ఆరేండ్లు. ఆళ్ల పైపు నీళ్లు కలిసినంక ఒడ్డు గడ్డి మేసిన రెండు బర్రెలకు కడుపు పోయింది. గది ఎవ్వడు అడగడు. గేటు మీద బోర్డు సూపిస్తరు, మా నీళ్లు మంచిగున్నయ్ అంటరు."

ఆ బోర్డు చట్టం ప్రకారం పెట్టాల్సిందే. లోపలినుంచి వదిలే నీళ్ల పీహెచ్ ఎంతో గేటు దగ్గర అందరికీ కనపడేలా వెలుగుతూ ఉండాలి. మల్లమ్మ గడ్డిమోపుతో రోజూ దాని ముందు నుంచే వస్తుంది.

"నాకు సదువు రాదు. ఫోన్ల నంబర్లు గుర్తు పడ్త" అందావిడ. "గా బోర్డు పెట్టిన కాడికెల్లి ఒక్కటే మొఖం. ఏడు, సుక్క, రెండు. నిన్న గంతే, మొన్న గంతే."

ఆ మాటకు ఒళ్లో కాగితం పక్కన పెట్టేశాను. చెరువు నీళ్లు పొద్దున ఏడున్నర ఉంటే ఎండ ముదిరాక ఎనిమిది దాటుతాయి. వాన పడితే దిగుతాయి. కదలని నీళ్లు నేను ఎక్కడా చూడలేదు. కదలని అంకె మాత్రం చూశాను. ఎక్కడ చూశానో చెప్పడానికి సిగ్గుపడుతూనే చెబుతున్నాను: నా పుస్తకంలోనే. ఒక వానాకాలం జ్వరంతో గట్టుకు వెళ్లలేక, డబ్బా ఇంట్లో పెట్టుకుని, మూడు రోజులు వరసగా ఏడు పాయింట్ ఎనిమిది అని రాసి రాజుగారికి ఇచ్చాను. రాజుగారంటే చెరువు యజమాని. అదృష్టం బాగుండి రొయ్యలకేమీ కాలేదు. పాము కాళ్లు పాముకే తెలుసన్నట్టు, ఆ బోర్డు ఏం చేస్తోందో నాకు అర్థమైపోయింది.

ఉస్మాన్‌గంజ్‌లో తాడు

పొద్దున సంచి తెరిస్తే ఇంకో కథ. డబ్బాను సరిచూసుకునే మందు సీసా ఆటో కుదుపులకు పగిలి, నా చొక్కాలన్నీ తడిసి ఉన్నాయి. ఆ మందులో ముంచి సరిచూడకపోతే డబ్బా చెప్పే అంకెకు విలువ లేదు. డబ్బా నాలాలోకి దించడానికి ఎలాగూ తాడు కొనాలని ఉస్మాన్‌గంజ్ బజారుకు వెళ్లాం.

అక్కడ మిరపకాయల ఘాటుకు మొదట తుమ్ములు, తర్వాతే పలకరింపులు. మా దగ్గర తాడు బారల్లో కొలుస్తారు, అక్కడ తూకం వేసి ఇస్తారు. నాకు పది బారలు కావాలంటే సేఠ్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి కాటాలో పడేశాడు. వాళ్ల తాతముత్తాతల నాటి కొట్టట. దేనికి తాడు అని అడిగాడు. యాదగిరి చెప్పాడు.

"మా ఇంటికి పాలు ఆ గల్లీ నుంచే వస్తయ్" అన్నాడు సేఠ్. తెలిసిన ల్యాబు సామాన్ల కొట్టుకు ఫోను చేసి, నాక్కావాల్సిన మందు గంటలో తెప్పించాడు. తాడు ధరలో మాత్రం రూపాయి తగ్గించలేదు. వ్యాపారం వ్యాపారమే.

మధ్యాహ్నానికి నాలా మీది చిన్న వంతెన కింద డబ్బా వేలాడదీశాం. కంపెనీ స్థలంలో అడుగు పెట్టకుండా మొన ముంచడానికి ఉన్న చోటు అదొక్కటే. ఎగువన కంపెనీ పైపూ, కొట్టాల కాలువా రెండూ నాలాలో కలిసి, ఆ వంతెన కిందుగానే పోతాయి.

ఖాజా భాయ్ హోటల్

కంపెనీ గేటుకు సరిగ్గా ఎదురుగా ఖాజా భాయ్ చాయ్ హోటల్. ఇరవై రూపాయలకు చాయ్, మలాయి వేసి ఇస్తాడు. మేం కాఫీ గ్లాసు అంచుదాకా పోయించుకుని ఊదుకుంటూ తాగుతాం. అక్కడ సాసర్లో పోసుకుని ఒక్క గుటకలో లాగేసి, ఆ తర్వాత అరగంట కబుర్లు చెప్పుకుంటారు.

గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే బోర్డు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. గంటకొకసారి ఫోనుతో ఫొటో తీయగలరా అని ఖాజా భాయ్‌ని అడిగాను. తేదీ, టైము ఫొటో మీదే పడేలా పెట్టిస్తానన్నాను.

"క్యా ఫాయిదా భాయ్? కభీ నై బదల్తా" అన్నాడు.

మారదని చూపించడానికే ఫొటోలు అని చెప్పాను. అర్థమయ్యాక మీసం దువ్వుకున్నాడు. గురువారం మధ్యాహ్నం నుంచి ఆదివారం రాత్రి హోటల్ కట్టేసేదాకా ఒక్క గంట తప్పలేదు. జుమ్మా నమాజుకు పోయేటప్పుడు ఫోను వంటమనిషి చేతికిచ్చి, "భూల్నా నక్కో", మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పి మరీ వెళ్లాడు.

శుక్రవారం ఒంటిగంటకు గల్లీలన్నీ ఖాళీ అయ్యాయి. అప్పుడు నా ఫోను మోగింది. నాలా అంకె ఏడున్నర నుంచి ఆరుకు, ఐదుకు, చివరికి నాలుగుకు జారింది. నేనూ యాదగిరీ వంతెన మీదికి పరిగెత్తాం. పైపు నుంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు ఉరుకుతున్నాయి. కళ్లు మండుతున్నాయి. ఇరవై నిమిషాల్లో ఆగిపోయింది. అవతల గేటు మీద బోర్డు ఏడు పాయింట్ రెండు అని ప్రశాంతంగా వెలుగుతూ ఉంది. నా జీవితంలో ఒక అంకె మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

మన గుట్టలు

శనివారం మధ్యాహ్నం కూడా అదే వేళకు అంకె పడిపోయింది. సంతోషంగా గ్రాఫు విప్పి యాదగిరికి చూపించాను. అతను పడిపోయిన చోట చూడలేదు, పెరిగిన చోట చూశాడు. పొద్దున ఐదింటికి, సాయంత్రం నాలుగింటికి, గీత ఎనిమిది దాటి గుట్టలా లేచింది. ప్రతి రోజూ అంతే.

"గదేంది?"

కొట్టాలు కడిగే వేళ అని చెప్పాను. పేడ, గేదెల ఉచ్చ నీళ్లు కాలువలో పడి నాలాలో కలుస్తున్నాయి. నోటీసులో రాసింది పూర్తిగా అబద్ధం కాదు.

యాదగిరి ఫోను తిరిగి నా చేతిలో పెట్టాడు. "గా గుట్టలు తీసెయ్యరాదా అన్నా? ఎవ్వనికి తెలుస్తది?"

రెండు నిమిషాల పని అది. నిజం చెప్పాలంటే, ఆ గుట్టల అంకెలున్న వరసలు అప్పటికే వేలితో పట్టుకుని ఉన్నాను. వీళ్ల బతుకు కాపాడడానికి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. గడ్డి వేస్తున్న మల్లమ్మ మా ఇద్దరి ముఖాలు చూసి ఏమైందని అడిగింది. యాదగిరి చెప్పాడు. ఆమె చేతులు దులుపుకుని వచ్చి పక్కనే కూర్చుంది.

"మన పేడ గూడ రాయి బిడ్డా."

"అమ్మా, గది సూపిస్తే మనల్నే ఎల్లగొడ్తరు" అన్నాడు యాదగిరి.

"దాచిపెడితే ఆళ్లకూ మనకూ ఫరక్ ఏముంటదిరా? బకెట్ల నీళ్లుంటే బోర్లిస్తె పడ్తయి. పడనియ్యి. పడ్డంక పిండు."

యాదగిరి లేచి వెళ్లిపోయాడు. నేను మాత్రం వేలు వెనక్కి తీసుకున్నాను. డెబ్బై ఏళ్ల మనిషి ముందు అంత చిన్నబోయిన రోజు నాకు ఇంకోటి లేదు.

ఆదివారం, చార్మినార్

ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. పైపు పొడిగా ఉంది, చుక్క నీరు లేదు. అంకె ఆ రోజు పడిపోలేదు, కొట్టాల గుట్టలు మాత్రం లేచాయి. బోర్డు మీద ఏడు పాయింట్ రెండు. రాని నీళ్లకు కూడా పీహెచ్ చెబుతున్న ఆ బోర్డును ఖాజా భాయ్ ఆ రోజు రెట్టింపు ఫొటోలు తీశాడు.

యాదగిరి ఇంట్లో మటన్, జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా వైపు చేపల పులుసు మరిగి మరిగి చిక్కబడితే గొప్ప. వాళ్ల పచ్చిపులుసు పొయ్యి ముఖమే చూడదు. ఇదేం పులుసు అనుకుని మూడుసార్లు పోయించుకున్నాను. కోపం తీరిందో, మటన్ పని చేసిందో, యాదగిరే నాకు వడ్డించాడు.

"అన్ని కాయితాలు తీద్దాం అన్నా" అన్నాడు. "గుట్టలతోని సహా."

సాయంత్రం ప్రింట్ల కోసం చార్మినార్ వైపు వెళ్లాం. లాడ్ బజారు సందులో ముందుకు నడవడం మన చేతిలో ఉండదు, జనం తీసుకుపోయిన చోటికి పోవాలి. జిరాక్సు కొట్టుకని బయల్దేరి గాజుల కొట్టు ముందు తేలాను. రాళ్ల గాజుల జత ఆరు వందలన్నాడు. నేను మూడు వందలన్నాను. యాదగిరి ఏమీ అనకుండా రెండడుగులు నడిచాడంతే, మూడు వందల యాభైకి ఇచ్చేశారు. జిరాక్సు కొట్టతను గ్రాఫు చూసి, "గుండె పరీక్షనా?" అని అడిగాడు. నాలాదని చెబితే నవ్వాడు. రంగు ప్రింటు పదిహేను రూపాయలు, ఒక్క పైసా తగ్గించలేదు.

సోమవారం

ఆఫీసులో అధికారిణి నడివయసు మనిషి, మాట తక్కువ. కంపెనీ తరఫున ఒక ఇంజనీరు వచ్చాడు, ఇస్త్రీ చొక్కా. నా డబ్బా చూసి నవ్వాడు.

"మేడం, ఇది ఆటబొమ్మ. మాది లక్షల మిషను. పైగా వీళ్ల గ్రాఫులోనే చూడండి, పొద్దున, సాయంత్రం పేడ నీళ్లు వాళ్లే ఒప్పుకున్నారు."

మల్లమ్మ లేచి నిలబడింది. "అవు సార్, అది మా పేడనే. మేమే రాసినం."

అధికారిణి ఆమె వైపు ఒకసారి చూసి, మళ్లీ గ్రాఫు చూసింది. డబ్బాకు సర్టిఫికెట్ ఉందా అని నన్నడిగింది. లేదన్నాను. ఎప్పుడు, ఏ మందుతో సరిచూశానో రాసిన కాగితం ఉందని ఇచ్చాను. తర్వాత ఖాజా భాయ్ ఫొటోలు బల్ల మీద పరిచాను. నాలుగు రోజుల ఫొటోలు, అన్నిట్లో ఒకటే అంకె. ఆదివారం ఫొటోల పక్కన ఎండిపోయిన పైపు ఫొటో పెట్టాను.

"వీళ్ల అంకె రోజుకు ఎన్నిసార్లు కదిలిందో చూస్తున్నాను" అందామె ఇంజనీరుతో. "మీది ఒక్కసారైనా కదలలేదేం?"

"మా ట్రీట్‌మెంట్ అంత స్టాండర్డ్‌గా ఉంటుంది మేడం."

"సెలవు రోజు కూడా?"

అతను మంచినీళ్లు తాగాడు. ఆమె ఫైలు మూసింది. "ఈ కాగితాలు సాక్ష్యం కావు. వెళ్లి చూడడానికి కారణం మాత్రం అవుతాయి. మీరు నా జీపులోనే రండి" అని ఇంజనీరుకు చెప్పింది. అతను ఫోను తీయబోతే, దారిలో మాట్లాడుకోవచ్చు, ఇప్పుడు వద్దంది.

మేం ఆటోలో వెనకే చేరాం. గేటు లోపల, పైపు పక్కన ఇనుప బీరువాలాంటి పెట్టె. తాళం చెవి దొరకడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా మల్లమ్మ ఎండలో కదలకుండా నిలబడింది. చివరికి తలుపు తెరుచుకుంది. లక్షల మిషను తీగ పైపులోకి పోలేదు. పెట్టెలోనే ఉన్న లీటరు మంచినీళ్ల సీసాలోకి పోయింది. మూత దగ్గర టేపు చుట్టి, దుమ్ము పడకుండా ఎంతో శ్రద్ధగా పెట్టారు.

మల్లమ్మే అంది, మామూలు గొంతుతో: "మేడం, గా సీసా జర బోర్లించి సూపియ్యమనుండ్రి."

అధికారిణి తల ఊపింది. గార్డు టేపు విప్పి సీసా బోర్లించాడు. నీళ్లు మల్లమ్మ కాళ్ల ముందు మట్టిలో ఇంకిపోయాయి. కాసేపటికి రోడ్డు అవతల నుంచి ఖాజా భాయ్ భుజం మీద తువ్వాలుతోనే గేటు దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, "అమ్మా, బదల్ గయా" అన్నాడు. మేం బయటికి వచ్చి చూశాం. ఆరేళ్లలో మొదటిసారి బోర్డు మీద ఏడు లేదు.

తిరిగొచ్చాక

ఆ సాయంత్రమే పైపుకు సీలు వేశారు. నోటీసును మూడు నెలలు ఆపారు. ఈలోగా కొట్టాలవాళ్లు కడిగిన నీళ్లు నాలాలో కలవకుండా గుంత తవ్వుకోవాలి. గుంతకు చోటెక్కడిదని యాదగిరి గొణుగుతూనే గడ్డపార అరువు తెచ్చాడు. కంపెనీ వకీలును పెట్టుకుందని విన్నాను, వ్యవహారం ఇంకా తేలలేదు. డబ్బా అక్కడే వదిలేసి వచ్చాను. నాకు ఇంకోటి చేసుకోవడం వచ్చు.

మొన్న మల్లమ్మ ఫోను చేసింది. గుంత తవ్వాక పొద్దుటి గుట్ట సగానికి తగ్గిందని యాదగిరి చూసి చెప్పాడట. "ఇంకో సగం ఉన్నది బిడ్డా, గది గూడ తగ్గిస్తం" అంది.

ఊరికి వచ్చిన మర్నాడే రాజుగారి ఇంటికి వెళ్లి, వానాకాలం పుస్తకం తెరిచి, ఆ మూడు ఏడు పాయింట్ ఎనిమిదులు చూపించాను. ఆయన అడగలేదు, నేనే చూపించాను. తిట్టాడు. పదేళ్ల నమ్మకం అన్నాడు. పనిలోంచి తీసేస్తాననలేదు, ఉండమనీ అనలేదు. రెండు రోజులు గట్టు వైపు రాలేదు.

మూడో రోజు పొద్దున వచ్చి నా వెనక నిలబడ్డాడు. చెరువు నీళ్లు పట్టే గ్లాసు తీసి ఆయన ముందు బోర్లించాను. అడుగున రెండుసార్లు తట్టి, తిప్పి లోపల చూపించాను. ఇదెక్కడ నేర్చుకొచ్చావని అడుగుతాడనుకున్నాను. ఆయన గ్లాసులోకి వంగి చూశాడు.

"సర్లే, కానీవయ్యా" అన్నాడు.